రెండున్నరేళ్ల పాపతో బీఎస్సీ నర్సింగ్: కాలేజీ, స్పెషాలిటీ ఎంపికపై ఒక కేస్ స్టడీ

అభ్యర్థి వయసు 27. ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం, 58 శాతం మార్కులు. చదువు ఆగి తొమ్మిదేళ్లయింది. పాపకు రెండున్నరేళ్లు. హనుమకొండకు 22 కిలోమీటర్ల దూరంలో ఒక మండల కేంద్రంలో అద్దె ఇల్లు. భర్త డీసీఎం నడుపుతాడు, వారంలో మూడు రాత్రులు ఇంట్లో ఉండడు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు గానీ ఆమెకు షుగరు, మోకాళ్ల నొప్పులు. కులం బీసీ-బీ. (ఒకే తీరున్న మూడు కుటుంబాల వివరాలు కలిపి, ఎవరినీ గుర్తుపట్టకుండా మార్చి రాసిన కేసు ఇది.)

సలహా కోసం మా దగ్గరికి వచ్చీ రాగానే ఆమె అడిగిన ప్రశ్న: "ఏ కాలేజీ మంచిది మేడం?"

పెళ్లికాని పద్దెనిమిదేళ్ల అమ్మాయి అడిగితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. చంటిపిల్ల తల్లి అడిగినప్పుడు మాత్రం ముందు మూడు టైములు తెలియాలి. వార్డులో డ్యూటీ ఎన్నింటికి మొదలవుతుంది, ఊళ్లో తొలి బస్సు ఎన్నింటికి, ఆ వేళకు పాపను ఎవరి చేతిలో పెట్టి బయల్దేరాలి. ఈ మూడూ కుదరని చోట ఎంత పేరున్న కాలేజీలో సీటొచ్చినా రెండో సెమిస్టర్ దాటడం కష్టం. మా దగ్గరికి వచ్చే కేసుల్లో మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువగా ఫీజు కట్టలేకో, సబ్జెక్టు అర్థంకాకో మానినవాళ్లు కారు. ఉదయం ఆరున్నరకు పిల్లను పట్టుకునే మనిషి లేక మానినవాళ్లు.

ముందు కోర్సు

భర్త ఆలోచన వేరు: "ఏఎన్‌ఎం చేస్తే ఊళ్లెనే ఉండొచ్చు కద మేడం, రెండేండ్లల్ల అయిపోతది." అందులో తప్పేమీ లేదు. ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్ల కోర్సు, ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. ఉద్యోగం ఆరోగ్య ఉపకేంద్రంలో, ఎక్కువగా పగటి పని. చిక్కంతా తర్వాత వస్తుంది. ఏఎన్‌ఎంతో స్టాఫ్ నర్సు పోస్టుకు అర్హత రాదు. పైకి వెళ్లాలంటే మళ్లీ మూడేళ్లు జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) చేయాలి, మొత్తం ఐదేళ్లు. నాలుగేళ్లలో డిగ్రీయే వస్తుంటే ఐదేళ్లు పెట్టి డిప్లొమా తెచ్చుకోవడం దండగ. నలభై దాటినవాళ్లకో, జిల్లా దాటి కదలడానికి వీల్లేనివాళ్లకో అయితే ఏఎన్‌ఎం మంచి నిర్ణయమే. ఈమెకు కాదు.

అసలు పోటీ జీఎన్‌ఎం, బీఎస్సీల మధ్య. రెండింటికీ ప్రవేశ వయసు 17 నుంచి 35 ఏళ్లు. బీఎస్సీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో ఇంటర్ పాసై సగటున 45 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 40. జీఎన్‌ఎంకు 40 శాతం చాలు, సైన్సు గ్రూపైతే మేలు. ఈమెకు రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

ఒక ఏడాది తక్కువ కదా, జీఎన్‌ఎంకే వెళ్లిపోదామని ఇంట్లో దాదాపు తేల్చేశారు. కాగితం మీద వయసులు రాసి చూపించాక ఆలోచన మారింది. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ల ఎంపికకు నార్‌సెట్ రాయాలి. దాని గరిష్ఠ వయసు 30, ఓబీసీలకు మరో మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. బీఎస్సీ పాసై రిజిస్ట్రేషన్ ఉంటే అనుభవం లేకున్నా రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. సీటొచ్చేసరికి ఈమెకు 28. బీఎస్సీ అయ్యేసరికి 32, అంటే ఓబీసీ సర్టిఫికెట్ మీద ఏడాది దాకా వ్యవధి దొరుకుతుంది. జీఎన్‌ఎం అయ్యేసరికి 31, దానికి అనుభవం రెండేళ్లు కలిపితే 33. తలుపు మూసుకునే వేళకు గుమ్మం దగ్గరికి చేరినట్టు. ఓపెన్ కేటగిరీలో ఇదే వయసు మనిషైతే రెండు దారుల్లోనూ నార్‌సెట్ అందదు, అప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టేయాలి.

రాష్ట్ర పోస్టుల్లో వయసు అంత బిగుతుగా లేదు. 2024లో తెలంగాణ వైద్యారోగ్య సర్వీసుల నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. జీఎన్‌ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే. అందులో పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు 20 వరకు. ఈ 20 మార్కుల సంగతి గుర్తుంచుకోండి, స్పెషాలిటీ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మిలిటరీ నర్సింగ్ సర్వీస్ గురించి కూడా అడిగారు. ఆ బీఎస్సీ కోర్సు పెళ్లయి కాపురం చేస్తున్నవాళ్లకు లేదు. పెళ్లి చేసుకుందన్న కారణంతో ఒక మిలిటరీ నర్సును తొలగించడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పి, 60 లక్షల రూపాయలు ఇమ్మంది. అది ఉద్యోగంలో ఉన్నవాళ్ల సంగతి. ప్రవేశానికి దాన్ని పట్టుకుని ఆశపెట్టుకోకూడదు.

హాజరు అక్కర్లేదనే ఏజెంటు

సీటు ప్రయత్నంలో ఉన్న ప్రతి తల్లికీ ఒక ఫోన్ వస్తుంది. "పొరుగు రాష్ట్రంలో కాలేజీ అక్కా, మీరు పోనవసరం లేదు, పరీక్షలప్పుడు పది రోజులు వస్తే చాలు." ఈమెకూ వచ్చింది. చంటిపిల్ల ఉన్న మనిషికి ఇంతకంటే తీపి మాట ఉండదు. ఏజెంట్లు వెతికి పట్టుకునేదీ ఇలాంటివాళ్లనే.

దెబ్బ తగిలేది నాలుగేళ్ల తర్వాత. చదివిన రాష్ట్రంలోని కౌన్సిల్లో ముందు రిజిస్టర్ కావాలి, అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్లో చేరాలి. ఇక్కడివాళ్లు అక్కడికి వెరిఫికేషన్‌కు రాస్తారు. ఆ విద్యా సంవత్సరం జాబితాలో కాలేజీ పేరు లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. కోర్సు చేశానంటున్న తేదీల్లోనే ఇక్కడ ఏ షోరూంలోనో పనిచేసి పీఎఫ్ జమై ఉంటే, సర్టిఫికెట్ల పరిశీలనలో జవాబు చెప్పుకోలేరు. ఇవన్నీ దాటినా వార్డులో మొదటిరోజే తేలిపోతుంది. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టడం చేతికి రాని స్టాఫ్‌ను ఇన్‌చార్జి సిస్టర్ గంటలో పట్టేస్తుంది.

"ఒక ఏడాది నర్సింగ్", "దూరవిద్యలో జీఎన్‌ఎం" అనే బోర్డులదీ ఇదే తంతు. రిజిస్ట్రేషన్ రాని కోర్సు నర్సింగ్ కోర్సు కాదు. సరిచూసుకోవాల్సినవి మూడు: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది జాబితాలో కాలేజీ పేరు, రాష్ట్ర అనుమతి, బీఎస్సీ అయితే యూనివర్సిటీ అఫిలియేషన్ (తెలంగాణలో వరంగల్ కాళోజీ, ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం). మూడూ ఒకే విద్యా సంవత్సరానివి కావాలి. గోడకు వేలాడే ఫ్రేములో నాలుగేళ్ల కిందటి కాగితం ఉంటే అది గోడకే పనికొస్తుంది.

కాలేజీని తెల్లవారుజామున చూడాలి

తెలంగాణలో ఇటీవల కన్వీనర్ కోటా బీఎస్సీ సీట్లకు ఎప్‌సెట్ బైపీసీ ర్యాంకు చూస్తున్నారు. ఈమె ఎప్‌సెట్ రాయడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలలూ వృథా కాలేదు, తర్వాత చెబుతా. ర్యాంకు ప్రభుత్వ కాలేజీకి చాలలేదు. అందుబాటులో ఉన్న మూడు ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ సీటు దొరికే అవకాశం ఉంది. కన్వీనర్ సీటే ఎందుకంటే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఈ-పాస్ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

మూడు కాలేజీలకూ ఉదయం పదకొండింటికి వెళ్లి ప్రిన్సిపాల్‌తో టీ తాగి వస్తే మూడూ ఒకేలా కనబడతాయి. అందుకే ఆరుంపావుకు గేటు దగ్గర నిలబడమన్నాం. పిల్లలు క్లినికల్‌కు (ఆసుపత్రి వార్డుల్లో ప్రాక్టీసుకు) వెళ్లే బస్సు ఎప్పుడు కదులుతుందో, డే స్కాలర్లు నేరుగా ఆసుపత్రికి వస్తున్నారో, ముందు కాలేజీకి వచ్చి బస్సెక్కాల్సిందేనో అక్కడే తెలుస్తుంది. ఒక కాలేజీలో హాజరు కాలేజీ ఆవరణలో 6:40కి వేస్తున్నారు. ఈమె ఊరి తొలి పల్లెవెలుగు హనుమకొండ చేరేది 6:55కి. మహాలక్ష్మి పథకంలో టికెట్టు ఉచితమే గానీ బస్సును పావుగంట ముందుకు జరపలేం. ఆ కాలేజీ అక్కడితో జాబితాలోంచి పోయింది, నిజానికి మూడింట్లో ల్యాబులు బాగున్నది అదే.

రెండో కాలేజీ హాస్టల్ తప్పనిసరి అంది. చాలాచోట్ల ఇదే మాట అంటారు, అడిగితే మాత్రం రాతపూర్వకంగా చూపించరు. ఇంటి పరిస్థితి వివరిస్తూ డే స్కాలర్‌గా అనుమతి కోరి ఒక దరఖాస్తు ఇచ్చి, దానిమీద సంతకం తీసుకోవాలి. "చేరాక చూద్దాంలే అమ్మా" అన్నారంటే కుదరదని అర్థం.

మూడో కాలేజీ మిగిలింది. దానికీ పరీక్షలు పెట్టాం. సొంత ఆసుపత్రి ఉందా, ఉంటే మంచాలు ఎన్ని అన్నది బోర్డు చూసి నమ్మకూడదు. సాయంత్రం ఏడింటికి వెళ్లి ఎన్ని మంచాల మీద పేషెంట్లున్నారో లెక్కపెట్టాలి. పేషెంట్లు లేని ఆసుపత్రిలో నాలుగేళ్లు బొమ్మ మీద ఇంజక్షన్ చేసి బయటకొస్తారు. ఈ కాలేజీకి సొంత ఆసుపత్రి చిన్నదైనా పిల్లల్ని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతున్నారు. డ్యూటీ ఎనిమిదింటికి, డే స్కాలర్లు నేరుగా వార్డుకే రావొచ్చు. ఇది తేలాక మిగతావి సర్దుకోవచ్చనిపించింది.

అందరూ మరిచిపోయే కాగితం మాస్టర్ రొటేషన్ ప్లాన్. ఏ సెమిస్టర్‌లో ఏ వారం ఏ ఆసుపత్రిలో పోస్టింగో అందులో ఉంటుంది. దాన్ని అడిగి ఫొటో తీసుకోవాలి. అందులో ఊరు దాటే పోస్టింగులు వెతకాలి. మానసిక ఆరోగ్య పోస్టింగుకు జిల్లా కాలేజీల పిల్లల్ని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి, పిల్లల వార్డుకు ఒక్కోసారి నిలోఫర్‌కు పంపుతారు. ఆంధ్రలో మానసిక పోస్టింగంటే చాలామందికి విశాఖపట్నం. కొన్ని వారాలు అక్కడే ఉండాలి. కమ్యూనిటీ పోస్టింగులో పల్లె క్యాంపు ఉంటుంది. ఈ కాలేజీలో అలాంటి వారాలు ఐదు, ఆరు సెమిస్టర్లలో పడ్డాయి. అప్పటికి పాపకు ఐదేళ్లు దాటుతాయి, వేసవి సెలవులు కలిసొస్తే అమ్మమ్మ ఊళ్లో ఉంచొచ్చు. ఇదే పోస్టింగు రెండో ఏడాది పడితే సంగతి వేరుగా ఉండేది.

చేరేముందు రాయించుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మధ్యలో మానేస్తే ఏమి కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరుంటాయి. నాలుగేళ్ల ఫీజూ కట్టాలనే బాండుపై చదవకుండా సంతకం పెట్టినవాళ్లు చాలామంది. ట్యూషన్ ఫీజుకు బయట యూనిఫాం, బస్సు, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, క్లినికల్ ఫీజు, లాగ్‌బుక్కులు ఎంతవుతాయో సీనియర్లను అడిగితే నిజం చెబుతారు, ఆఫీసులో అడిగితే ట్యూషన్ ఫీజొకటే చెబుతారు.

పది నెలల్లో చేసిన పని

ఎప్‌సెట్ చదువుతో పాటు రెండు అలవాట్లు చేయించాం. మొదటిది ఇంగ్లిష్‌లో రాయడం. రోజూ ఇంటర్ జువాలజీ పుస్తకంలోంచి ఒక బొమ్మ, దానికి ఇంగ్లిష్‌లో పేర్లు, కింద ఐదు వాక్యాలు. రెండోది లెక్కలు. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలి, సెట్టు మి.లీ.కి 20 చుక్కలది. 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. పదో తరగతి లెక్కే. కానీ తొమ్మిదేళ్లు పెన్ను పట్టని మనిషికి, పక్కన ట్యూటర్ నిలబడి ఉండగా, ఆ భాగహారం నోటికి రాదు.

ఆ పది నెలల్లోనే హెపటైటిస్-బి టీకా మూడు డోసులు (మొదటిరోజు, నెలకు, ఆరు నెలలకు) పూర్తయ్యాయి. చేరాక మొదలుపెడితే వార్డులో అడుగుపెట్టే నాటికి రక్షణ సగమే ఉంటుంది. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు, టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ రక్త పరీక్ష చేయించుకోవాలి, 10 దాటితే రక్షణ వచ్చినట్టే. చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదంది, ఆ టీకా కూడా రెండు డోసులు వేయించాం. అది ప్రాణమున్న టీకా కాబట్టి వేసుకున్నాక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి.

పాపను కూడా ముందే అలవాటు చేశారు. మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీ. అయితే అంగన్‌వాడీ తెరిచేది ఈమె వార్డులో చేరిన గంట తర్వాత. అత్తగారు పాపను ఎత్తుకుని నడవలేరు. వీధి చివర ఉన్న కుట్టుపని చేసే ఆవిడతో నెలకింతని మాట్లాడుకుని, ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆమె చూసి, అంగన్‌వాడీలో దింపేలా ఒప్పుకున్నారు. కాలేజీ మొదలయ్యే నెల ముందు నుంచే ఈ పద్ధతి నడిపించాలి. మొదటి వారం ఏడుపు ఎలాగూ తప్పదు, అది వార్డు మొదటి వారంతో కలిసి రాకుండా చూసుకోవాలి.

హాజరు నిబంధన దగ్గరే దెబ్బతింటారు

నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ఇది: పరీక్ష రాయాలంటే థియరీ, ప్రాక్టికల్ రెండింటిలోనూ కనీసం 80 శాతం హాజరు, సెలవు ఏ కారణంతో పెట్టినా సరే. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్‌లో నూరు శాతం. 20 శాతం వదులు ఉంది కదా అనుకునేవాళ్లు ఈ రెండో వాక్యం చదవరు. ఉద్యోగినులకు 2017 సవరణతో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ పెట్టాలన్నారు. అవి ఉద్యోగినులవి, విద్యార్థినులవి కావు. కోర్సు మధ్యలో రెండో కాన్పు వస్తే పోయిన ప్రతి గంటనూ తిరిగి పూరించాల్సిందే. కోర్సు గరిష్ఠంగా ఎనిమిదేళ్లలో పూర్తి చేయొచ్చు కాబట్టి దారి మూసుకుపోదు, బ్యాచ్ మాత్రం మారుతుంది.

చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. అంగన్‌వాడీలో చేరిన మొదటి ఏడాది ఇంకా ఎక్కువ. ఈమె కేసులో మూడో సెమిస్టర్‌లో పాపకు చేయి, కాలు, నోటి పుండ్ల జబ్బు వచ్చింది. కుట్టుపని ఆవిడకూ చిన్నపిల్లలుండటంతో పాపను రానివ్వలేదు. తొమ్మిది రోజులు వార్డుకు వెళ్లలేదు. మూడో సెమిస్టర్‌లో అడల్ట్ హెల్త్ నర్సింగ్ క్లినికల్ ఒక్కటే 480 గంటలు. తొమ్మిది రోజులు ఆరేసి గంటల చొప్పున 54 గంటలు. పరీక్షకు ఇబ్బంది రాలేదు. ఆ 54 గంటలూ సెలవుల్లో వార్డుకెళ్లి పూర్తి చేయాల్సి వచ్చింది.

ఇక్కడ నేర్పించాల్సింది ఒకటుంది. బాకీ గంటలు చివరిదాకా దాచుకోకూడదు. అదే సెమిస్టర్ సెలవుల్లో, అదే వార్డులో చేసి, ఇన్‌చార్జి సిస్టర్ సంతకం, తేదీ, గంటలు లాగ్‌బుక్కులో రాయించుకోవాలి. ఏడాది తర్వాత వెళ్తే ఆ సిస్టర్ బదిలీ అయి ఉంటుంది, ఎవరూ సంతకం పెట్టరు.

ఈ దెబ్బ తర్వాత రెండో మనిషిని పెట్టుకున్నారు. జ్వరం రోజుల కోసం మాత్రమే, అమ్మ ఊరి నుంచి పిన్ని. పిలిచిన రోజు బస్సు చార్జీ కాకుండా నాటు కూలీ ఎంతో అంత ఇచ్చేలా ముందే మాట. చుట్టరికం మీద ఊరికే పిలిస్తే రెండుసార్లు వస్తారు, మూడోసారి నాట్లున్నాయంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

చదువులో దెబ్బ మొదటి సెమిస్టర్‌లోనే తగిలింది. అనాటమీ, ఫిజియాలజీ కలిపి ఒకే పేపర్, 75 మార్కులు: అనాటమీకి 37, ఫిజియాలజీకి 38. థియరీలో, ప్రాక్టికల్‌లో విడివిడిగా 50 శాతం రావాలి. ఫిజియాలజీ భాగాన్ని చివరికి ఉంచి, టైము చాలక పోగొట్టుకుంది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. అప్పటి నుంచి చదువు పద్ధతి మార్చాం. రాత్రి కూర్చుని చదివే టైము లేదు. అందుకే ఆదివారం ఒక పాఠాన్ని తెలుగులో తనకు అర్థమైనట్టు చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోవడం, వారమంతా బస్సులో వినడం, మధ్యాహ్నం లైబ్రరీలో అరగంట అదే పాఠం ఇంగ్లిష్‌లో రాయడం. బస్సులో పుస్తకం తెరిస్తే నిద్రొస్తుంది, చెవిలో సొంత గొంతు వినబడుతుంటే రాదు.

వార్డు నుంచి ఇంటికి

ఈమె మొదటి భయం వార్డులోని జబ్బు పాపకు అంటుతుందేమోనని. అర్థమున్న భయమే. చేయాల్సింది కాస్తే, రోజూ చేయాలి. యూనిఫాం ఆసుపత్రిలోనే మార్చి వేరే సంచిలో వేసుకోవాలి. బూట్లు గుమ్మం బయట. ఐడీ కార్డు తాడు, ఫోను, పెన్ను తుడవాలి, అందరూ మరిచేవి ఈ మూడే. స్నానం చేశాకే పాపను ఎత్తుకోవాలి. పాప గుమ్మంలోనే కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి, వచ్చే టైముకు అత్తగారు పాపను పెరట్లోకి తీసుకెళ్లేలా అలవాటు చేశారు. టీబీ వార్డు పోస్టింగులో ఎన్95 మాస్కు కాలేజీ ఇవ్వకపోతే సొంతంగా కొనుక్కోవాలి. సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే క్యాజువాలిటీకి. హెచ్ఐవీ నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపే మొదలవ్వాలి. ట్యూటర్ తిడుతుందని సాయంత్రం దాకా దాచే పిల్లలున్నారు.

స్పెషాలిటీ: ముందే తేల్చకూడదు

చేరిన రోజు నుంచి ఈమెది ఒకటే మాట, ఎన్ఐసీయూ (అప్పుడే పుట్టిన బిడ్డల ఐసీయూ) చేస్తానని. కారణం, "నాకూ చిన్నపాప ఉంది కదా." తల్లులు స్పెషాలిటీ ఎంచుకోవడంలో తరచూ వినిపించే, తరచూ తప్పే కారణం ఇదే. ఇంట్లో బిడ్డ మీద ప్రేమ ఉండటం వేరు, 900 గ్రాముల బిడ్డకు లైను పెట్టి, పన్నెండు గంటల రాత్రి డ్యూటీలో మానిటర్ చూస్తూ కూర్చోవడం వేరు. కొందరు తల్లులు అందులో రాణిస్తారు. కొందరికి వార్డులో బిడ్డ పోయిన రోజు ఇంటికెళ్లి సొంత బిడ్డ ముఖం చూడలేని పరిస్థితి వస్తుంది. ఏది మన స్వభావమో ఐదు, ఆరు సెమిస్టర్ల పిల్లల వార్డు పోస్టింగు దాకా తెలియదు.

అందుకని ప్రతి పోస్టింగుకూ ఒక పేజీ రాయించాం. నిజంగా వార్డు వదిలిన టైము (చార్టులోది కాదు), ఆ వారం చేతితో చేసిన పనులు, ఒళ్లు ఎక్కడ నొప్పెట్టింది, ఇంటికొచ్చాక ఆ సబ్జెక్టు పుస్తకం తెరవాలనిపించిందా. నాలుగు సంగతులే. చివరిది అన్నింటికంటే పనికొచ్చింది.

ఆరు సెమిస్టర్ల తర్వాత ఆ పేజీలు చూస్తే ఎన్ఐసీయూ పేజీలో పుస్తకం తెరిచిన గుర్తే లేదు. లేబర్ రూం పేజీలు సంతోషంగా ఉన్నాయి గానీ వదిలిన టైములు ఏ రెండు రోజులూ ఒకలా లేవు, ప్రసవం గడియారం చూసి రాదు మరి. ఆపరేషన్ థియేటర్ పేజీలు నిండుగా ఉన్నాయి: ట్రేలో పరికరాల బొమ్మలు, స్పాంజి లెక్క ఎప్పుడెప్పుడు చూడాలో, ఎవరు మాస్కు ముక్కు కిందికి దించారో కూడా.

పని వేళల లెక్కన చూస్తే తేడాలివి. మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా ఉదయం 8 నుంచి 2, 2 నుంచి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. అంటే నైట్ పన్నెండు గంటలు. ఐసీయూ, ఎన్ఐసీయూల్లో ఈ నైట్లు తప్పవు. డయాలసిస్‌లో ఒక్కో సెషన్ నాలుగు గంటలు, యూనిట్ పగలే ఎక్కువగా నడుస్తుంది, కానీ రక్తంతో పని కాబట్టి హెపటైటిస్-బి, సి జాగ్రత్త నిత్యం. థియేటర్‌లో ముందే వేసుకున్న కేసులు పగలే అవుతాయి, ఎమర్జెన్సీ సిజేరియన్లకు మాత్రం రాత్రి పిలుపు ఉంటుంది. ఉపకేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పని పూర్తిగా పగలే. ఆంధ్రలో బీఎస్సీ నర్సులు ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా) ఎక్కువగా చేరింది ఇందులోనే. ఉద్యోగం కాంట్రాక్టు. చేతి నైపుణ్యం తగ్గిపోతుందన్నది దానిమీద నా అభ్యంతరం.

ట్యూటరైతే తొమ్మిది నుంచి నాలుగు దాకా పని, ఆదివారం సెలవు అని ఎంఎస్సీ వైపు చూసే తల్లులు చాలామంది. ఎంఎస్సీకి బీఎస్సీలో 55 శాతం, ఏడాది అనుభవం కావాలి. ఆ ఒక్క ఏడాది అనుభవంతో పాఠం చెప్పడానికి వెళ్లేవాళ్లను నేను ప్రోత్సహించను. పక్కనున్న పేషెంటు బీపీ పడిపోతుంటే ముందు ఏం చేయాలో చేతికి రానివాళ్లు విద్యార్థికి ఏం చెబుతారు? మూడేళ్లు వార్డులో ఉండి వెళ్లండి.

లేబర్ రూం మీద మనసున్నవాళ్లకు నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫరీ కోర్సు ఉంది, 18 నెలలు. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి 2017లోనే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ఈమెకు అది ఐదారేళ్ల తర్వాతి మాట. జర్మనీ ఆలోచన కూడా వచ్చింది. జర్మన్ బీ2 స్థాయికి రోజూ రెండు మూడు గంటలు కావాలి, పాప పదేళ్లది అయ్యాక చూద్దామని పక్కన పెట్టాం.

తేల్చింది: థియేటర్, కానీ వెంటనే కాదు. మొదటి ఏడాది జనరల్ సర్జరీ వార్డులో మూడు షిఫ్టులూ చేయాలి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత పేషెంటును చూడకుండా థియేటర్‌లో నేరుగా చేరినవాళ్లు పరికరాలు అందించడం వరకే నేర్చుకుంటారు. ఆ తర్వాత కౌన్సిల్ గుర్తింపున్న ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఆపరేషన్ రూం నర్సింగ్.

ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ 22 వారాలు, వారానికి 48 గంటలు: అడల్ట్ హెల్త్ ఆరు వారాలు, మిగతా నాలుగు విభాగాలకు నాలుగేసి వారాలు. పాప ఒకటో తరగతిలో ఉంది అప్పటికి. నైట్లు పడ్డ వారాల్లో భర్త కిరాయిలు వరంగల్ చుట్టుపక్కలకే ఒప్పుకున్నాడు, సంపాదన ఆ నెలల్లో తగ్గింది. ముందే తెలిసిన తగ్గుదల కాబట్టి చీటీ డబ్బు దానికోసమే ఉంచుకున్నారు.

కోర్సు ముగిసి రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ చేసుకుని, జాతీయ రిజిస్టర్‌లో నంబరు తీసుకుంది. మొదటి ఉద్యోగానికి రెండు అవకాశాలు వచ్చాయి. ఒక కార్పొరేట్ ఆసుపత్రి థియేటర్‌లో జీతం ఎక్కువ. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ స్టాఫ్ నర్సు, జీతం తక్కువ, ఇంటికి 14 కిలోమీటర్లు. రెండోదే తీసుకోమన్నాం. కారణం ముందు చెప్పిన ఆ 20 మార్కులు. ఏరియా ఆసుపత్రి సర్వీసు సర్టిఫికెట్ ప్రతి ఏడాదీ తీసుకుని దాచుకోమన్నాం. ఏజెన్సీ మారిన ఏడాది పాత ఏజెన్సీ సంతకం దొరకదు, అందుకే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఆసుపత్రి సూపరింటెండెంట్ సంతకం ఉన్న డ్యూటీ రోస్టర్ నకలు కూడా ఉంచుకోవాలి. నార్‌సెట్‌కు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరానికి సరిపోయే తేదీతో ఉండాలి. రాష్ట్ర నమూనాలో బీసీ సర్టిఫికెట్ పెట్టి వయసు సడలింపు పోగొట్టుకునేవాళ్లున్నారు. ఈమె మొదటి నార్‌సెట్ రాసింది, ప్రిలిమ్స్ దాటలేదు. వయసు ప్రకారం ఇంకొక్కసారి రాయొచ్చు, దానికి ఫార్మకాలజీ మీద పని జరుగుతోంది.